మెరీనా కొంటున్నాం, ఫ్యూయల్ డాక్‌కి పొల్యూషన్ ఇన్సూరెన్స్ విడిగా తీసుకోవాలా?

బంకు_శ్రీను
జార్జియాలో నాకూ మా పార్ట్‌నర్‌కీ కలిపి రెండు గ్యాస్ స్టేషన్లున్నాయి. ఇప్పుడు ఒక లేక్ మీద చిన్న మెరీనా (పడవలు కట్టేసి ఉంచే రేవు) అమ్మకానికి వచ్చింది. లేక్ ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ (అమెరికా సైన్యంలోని ఇంజనీరింగ్ విభాగం) వాళ్లది, భూమి లీజు. వంద పైచిలుకు స్లిప్పులు (ఒక్కో పడవ కట్టేసుకునే చోట్లు), ఒక స్టోర్, అద్దెకిచ్చే పాంటూన్ పడవలు కొన్ని, నీళ్ల మీద తేలే ఫ్యూయల్ డాక్. ఒడ్డున గట్టు మీద రెండు ట్యాంకులు భూమిపైనే ఉన్నాయి, పెట్రోల్‌కి 4,000 గ్యాలన్లది, డీజిల్‌కి 2,000 గ్యాలన్లది. అక్కడి నుంచి పైపు గ్యాంగ్‌వే పక్కనే దిగి డాక్ మీది డిస్పెన్సర్లకి వెళ్తుంది.

అమ్మే ఆయన ఇన్సూరెన్స్ కాగితాలు ఇచ్చాడు. జనరల్ లయబిలిటీ, మెరీనా ఆపరేటర్స్ లీగల్ లయబిలిటీ, ప్రాపర్టీ ఉన్నాయి. పొల్యూషన్ అన్న మాట ఎక్కడా లేదు. అడిగితే "ఇన్నేళ్లలో ఎప్పుడూ అవసరం పడలేదు, అయినా అది జనరల్ లయబిలిటీలోనే వస్తుంది" అంటున్నాడు. మా ఏజెంటేమో విడిగా తీసుకోవాల్సిందే అంటున్నాడు. కోట్ చూస్తే కళ్లు తిరిగాయి. కమిషన్ కోసం అంటున్నాడా, నిజంగానే కావాలా? బంకులకి స్టేట్ ఫండ్‌తో (లీకైతే శుభ్రం చేసే ఖర్చు భరించే రాష్ట్ర నిధి) సరిపోతోంది, ఇక్కడా అలా కుదరదా? క్లోజింగ్ (కొనుగోలు పూర్తయ్యే రోజు) దగ్గర పడుతోంది, బాగా టెన్షన్‌గా ఉంది.

పాలసీ_పద్మ
అమ్మే ఆయన మాట మీద ఆధారపడకండి. నేను కమర్షియల్ పాలసీలు రాసే పనిలోనే ఉన్నాను. అమెరికాలో వాడే జనరల్ లయబిలిటీ ఫారంలో ఎక్స్‌క్లూజన్లు (పాలసీ వర్తించని విషయాలు) ఒక్కో అక్షరం కింద ఉంటాయి. 'ఎఫ్' కింద ఉండేది పొల్యూషన్. 1973 ఫారంలో హఠాత్తుగా, అనుకోకుండా జరిగిన లీకులకి మినహాయింపు ఉండేది. దాని మీద ఏళ్ల తరబడి కోర్టుల్లో కేసులు నడిచాక 1986 ఫారంలో ఆ మినహాయింపునీ తీసేశారు. అప్పటి నుంచీ మీ ట్యాంకులో ఇంధనం కారి లేక్‌లో కలిస్తే ఆ పాలసీ నుంచి క్లీనప్ ఖర్చు ఆశించడం దండగ. కొన్ని పాలసీల్లో దాన్ని ఇంకా బిగిస్తూ "టోటల్ పొల్యూషన్ ఎక్స్‌క్లూజన్" అని ఒక ఎండార్స్‌మెంట్ (పాలసీకి జత చేసే అదనపు షరతు) చివరి పేజీల్లో ఉంటుంది. ఆయనిచ్చిన కాగితాల్లో చివరి నుంచి చదువుకుంటూ రండి, దొరుకుతుంది.

మెరీనా ఆపరేటర్స్ పాలసీ మీ సంరక్షణలో ఉన్న కస్టమర్ల పడవలకి జరిగే నష్టం కోసం. లిఫ్ట్ చేస్తుండగా పడవ జారిపడితే, రిపేర్ షెడ్డులో కాలిపోతే పనికొస్తుంది. నీళ్లు శుభ్రం చేయడానికి కాదు.

అట్లాంటా_ఆవకాయ
నాది వేరే అభిప్రాయం. నాకూ బంకులున్నాయి. ఒకసారి లైన్ లీకైతే స్టేట్ ఫండే చూసుకుంది, నా చేతి నుంచి డిడక్టిబుల్ (మన వంతుగా కట్టే మొత్తం) మాత్రమే పోయింది. ప్రైవేట్ పాలసీ వాళ్లు ప్రీమియం తీసుకునేటప్పుడు నవ్వుతారు, క్లెయిమ్ వస్తే వంద ప్రశ్నలు వేస్తారు. ఫండ్‌లో చేరి ఊరుకోండి శ్రీను.

ట్యాంకుల_రావు
ఆవకాయ గారూ, మీ బంకుల్లో ట్యాంకులు భూమి లోపల ఉన్నాయి. శ్రీను గారు చెప్పేవి భూమిపైన ఉన్నాయి. కథ మొత్తం మారిపోయేది అక్కడే.

అండర్‌గ్రౌండ్ ట్యాంకులకి ఫెడరల్ రూల్ ఉంది. పెట్రోల్ అమ్మేవాళ్లు ఒక్కో ఘటనకి 1 మిలియన్ డాలర్ల దాకా భరించే ఏర్పాటు ముందే చూపించాలి. ఇన్సూరెన్స్ చూపించవచ్చు, స్టేట్ ఫండ్ చూపించవచ్చు, ఇంకొన్ని దారులున్నాయి. మీ ఫండ్ పుట్టిందే ఆ రూల్ వల్ల. మొత్తం సామర్థ్యంలో, పైపులతో కలిపి, కనీసం 10 శాతం భూమి లోపల ఉంటేనే దాన్ని అండర్‌గ్రౌండ్ ట్యాంక్ అంటారు. గట్టు మీద నిలబడ్డ ట్యాంకుకి ఆ ఫెడరల్ రూల్ వర్తించదు. ఎవరూ ఇన్సూరెన్స్ చూపించమని అడగరు కాబట్టి చాలామంది అమ్మకందార్లు అసలు తీసుకోరు. ఫండ్ కూడా ఆ ట్యాంకుల్ని చూడదు. లీకైతే బాధ్యత మాత్రం ఒక్క డాలరు తగ్గదు.

శ్రీను గారికి వర్తించేది ఎస్‌పీసీసీ ప్లాన్ (నూనె ఒలకకుండా ఏం చేస్తారో, ఒలికితే ఏం చేస్తారో రాసుకునే ప్లాన్). భూమిపైన మొత్తం నిల్వ సామర్థ్యం 1,320 గ్యాలన్లు దాటితే ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) అడుగుతుంది. 55 గ్యాలన్ల డ్రమ్ము నుంచి లెక్కలోకి వస్తుంది, రిపేర్ షెడ్డులో పాత ఇంజిన్ ఆయిల్ డ్రమ్ములున్నా కలపాలి. మొత్తం 10,000 లోపే ఉండి, ఏ ఒక్క ట్యాంకూ 5,000 దాటకుండా, ఈ మధ్య పెద్ద లీకులేమీ లేకుండా ఉంటే ఇంజనీరు సంతకం లేకుండా మీరే ఆ ప్లాన్ రాసుకోవచ్చు. అమ్మే ఆయన్ని ఆ ప్లాన్ కాగితం చూపించమనండి. లేదంటే ఆయన చెప్పిన మిగతావన్నీ కూడా మళ్లీ చూసుకోవాలి.

అట్లాంటా_ఆవకాయ
భూమిపైన ట్యాంకులన్న సంగతి గమనించలేదు. అలాగైతే ఫండ్ మాట పక్కన పెట్టండి. ప్రైవేట్ కంపెనీలు వేసే వంద ప్రశ్నల సంగతి మాత్రం అలాగే ఉంది.

కరీంనగర్_కిరణ్
పడవలో పెట్రోల్ పోసేటప్పుడు నాలుగు చుక్కలు పడితే కూడా ఇంత గోలనా? అంత పెద్ద చెరువులో కలిసిపోదా?

లాయర్_లక్ష్మణ్
కలిసిపోదు కిరణ్, పైన తేలుతుంది. చట్టం కొలిచేది గ్యాలన్లు కాదు. నీటి మీద రంగురంగుల పొర కనపడితే చాలు, అది రిపోర్ట్ చేయాల్సిన స్పిల్. వెంటనే నేషనల్ రెస్పాన్స్ సెంటర్‌కి ఫోన్ చేయాలి, నంబరు 1-800-424-8802, రాత్రీపగలూ పనిచేస్తుంది. కావాలని చెప్పకుండా దాచిపెడితే క్రిమినల్ కేసు. సముద్రతీరం వైపు కోస్ట్ గార్డ్ చూస్తుంది, లోపలి లేకుల్లో ఈపీఏ.

ఇక అసలు చట్టం 1990 నాటి ఆయిల్ పొల్యూషన్ యాక్ట్. 1989 మార్చిలో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ రాళ్లకి గుద్దుకుని దాదాపు 1.1 కోట్ల గ్యాలన్ల క్రూడ్ పోయిన తర్వాత వచ్చింది. పెద్ద ఓడల కోసం పుట్టినా చిన్న ఫ్యూయల్ డాక్‌కీ అదే వర్తిస్తుంది. దాని కింద తప్పు ఎవరిదన్న ప్రశ్నే రాదు. ఆ ఫెసిలిటీ ఓనరో ఆపరేటరో అయితే చాలు, క్లీనప్ ఖర్చు, చేపలకీ పక్షులకీ జరిగిన నష్టం, పక్క రిసార్ట్ వాడి వ్యాపార నష్టం, అన్నీ మీ మీదకే వస్తాయి. బాధ్యతకి ఒక గరిష్ఠ పరిమితి ఉంది కానీ అది వందల మిలియన్లలో ఉంటుంది, మీలాంటి వాళ్లకి అది పరిమితి కానే కాదు. పైగా ఫెడరల్ సేఫ్టీ రూల్ తప్పినా, రిపోర్ట్ చేయకపోయినా ఆ పరిమితి కూడా పోతుంది.

కరీంనగర్_కిరణ్
మా ఫ్రెండ్ వాళ్ల దగ్గర గిన్నెల సబ్బు సీసా డాక్ మీదే పెట్టుకుంటారు. నాలుగు చుక్కలు వేస్తే పొర మాయం!

ట్యాంకుల_రావు
దయచేసి ఆ సలహా ఇంకెక్కడా ఇవ్వకండి. పొర మాయమవుతుంది, ఇంధనం ఎక్కడికీ పోదు. చిన్న చిన్న బిందువులుగా విడిపోయి కిందికి దిగుతుంది, చేప పిల్లలకి అప్పుడే ఎక్కువ హాని. పైన తేలినప్పుడైతే ప్యాడ్‌తో పీల్చి తీసేయొచ్చు, సబ్బు వేశాక తీసే దారి ఉండదు. అనుమతి లేకుండా అలా చేయడం చట్టరీత్యా నేరం, దానికి విడిగా జరిమానా ఉంది. అధికారులు వచ్చి సబ్బు నురగ చూస్తే మీరు దాచిపెట్టడానికి చూశారనే రాస్తారు.

లాయర్_లక్ష్మణ్
ఆ రాత పాలసీ వాళ్ల చేతికి వెళ్తే క్లెయిమ్ కూడా కష్టం. కావాలని చేసిన పనికి ఏ పాలసీ రాదు.

డాక్_బుజ్జి
చదువుకునే రోజుల్లో వేసవి సెలవుల్లో ఫ్యూయల్ డాక్ మీద పనిచేశాను, ఇప్పుడు బోట్ మెకానిక్‌ని. పాలసీల సంగతి నాకు తెలియదు, స్పిల్ ఎలా అవుతుందో చెప్తాను.

ఎక్కువసార్లు అయ్యేది ట్యాంకు వల్ల కాదు, పడవ వెంట్ వల్ల. పడవ పక్కన చిన్న రంధ్రం ఉంటుంది, ట్యాంకులో గాలి బయటికి పోవడానికి. ట్యాంకు నిండుతుంటే అక్కడి నుంచి వచ్చే గాలి శబ్దం మారుతుంది, గురగురమని మొదలవుతుంది. ఆ క్షణంలో నాజిల్ వదలకపోతే ఇంధనం ఆ రంధ్రం నుంచి బయటికి చిమ్ముతుంది, నేరుగా నీళ్లలోకి. అందుకే మెరీనాల్లో నాజిల్‌ని నొక్కినట్టే ఆపి ఉంచే క్లిప్ ఉండకూడదు, చేత్తో నొక్కి పట్టుకునే పోయాలి. ఒక చేత్తో నాజిల్, రెండో చేత్తో వెంట్ కింద తెల్ల ప్యాడ్. ఆ ప్యాడ్ నీటిని పీల్చదు, నూనెని మాత్రమే పీలుస్తుంది. వెంట్‌కి అంటించే ప్లాస్టిక్ సీసాలు కూడా దొరుకుతాయి, చిమ్మింది అందులో పడుతుంది.

రెండోది వింటే నమ్మరు. పడవ అంచు మీద చేపల గాలం కర్ర నిలబెట్టే గొట్టం ఉంటుంది. ఇంధనం పోసే మూత దాని పక్కనే, అటూఇటూగా అదే సైజు. ఓ కస్టమర్ ఫోన్ మాట్లాడుతూ గాలం గొట్టంలోనే నాజిల్ పెట్టి పోశాడు. పెట్రోల్ నేరుగా పడవ అడుగుకి వెళ్లింది. అక్కడ నీళ్లు చేరితే తోడి బయటికి పోసే పంపు దానంతట అదే ఆన్ అవుతుంది. పెట్రోల్ మొత్తం తోడి లేక్‌లో పోసింది. నిప్పురవ్వ పడనందుకు ఆ రోజు అందరం బతికిపోయాం.

బంకు_శ్రీను
బుజ్జీ, ఇది చదివి ఒళ్లు జలదరించింది. ఇలాంటి కేసులో బాధ్యత ఎవరిది? ట్యాంకు బాగానే ఉంది, పైపు బాగానే ఉంది, తప్పు కస్టమర్‌ది.

పాలసీ_పద్మ
మంచి ప్రశ్న, చాలామంది చిక్కుకునేది ఇక్కడే. మీకు కోట్ ఇచ్చింది బహుశా స్టోరేజ్ ట్యాంక్ పొల్యూషన్ పాలసీ అయి ఉంటుంది. అందులో షెడ్యూల్‌లో (పాలసీకి జత చేసిన జాబితా) రాసిన ట్యాంకులూ, వాటికి కలిపి ఉన్న పైపులూ మాత్రమే కవర్ అవుతాయి. "ట్యాంక్ సిస్టమ్" అంటే ఏమిటో పాలసీ నిర్వచనాల పేజీలో ఉంటుంది. డిస్పెన్సర్ దాకా వస్తుందా, అక్కడికి ముందే ఆగిపోతుందా, నీళ్ల మీద ఉన్న పైపు లెక్కలోకి వస్తుందా అన్నది కంపెనీని బట్టి మారుతుంది. నాజిల్ దాటి పడవలోకి వెళ్లిన ఇంధనం చాలా ట్యాంక్ పాలసీల్లో బయటే ఉండిపోతుంది.

సైట్ పొల్యూషన్ పాలసీ ఇంకో రకం. ఆ స్థలం మొత్తాన్ని చూస్తుంది. డాక్ మీద ఒలికినా, రిపేర్ షెడ్డు నుంచి సాల్వెంట్ కారినా, పడవలు కడిగిన నీళ్లలో రాగి పెయింట్ పొడి కలిసి వెళ్లినా దాని కిందికి వచ్చే వీలుంది. దానికి ట్యాంకుల్నీ విడిగా షెడ్యూల్ చేయించుకోవాలి, లేకపోతే ట్యాంకుల ఎక్స్‌క్లూజన్ ఉంటుంది. మీ అద్దె పాంటూన్ల నుంచి కారే ఇంధనానికి వాటి పాలసీలో వెసెల్ పొల్యూషన్ కవర్ ఉందో లేదో చూడాలి. ఇక ట్యాంకర్ లారీ వాడు నింపేటప్పుడు ఒలికిస్తే ముందుగా వాడి పాలసీ. వాడి సర్టిఫికెట్ తీసుకుని ఫైల్లో పెట్టుకోండి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. ప్రీమియం చూసి ఎంచుకోకండి. బుజ్జి చెప్పిన గాలం గొట్టం కేసునే ఏజెంటుకి రాసి పంపి, "ఇది కవర్ అవుతుందా, పాలసీలో ఏ పేజీ ప్రకారం?" అని అడగండి. జవాబు ఈమెయిల్‌లోనే తీసుకోండి.

డాక్_బుజ్జి
నా గాలం గొట్టం కథ ఇన్సూరెన్స్ ఆఫీసు దాకా వెళ్తుందని కలలో కూడా అనుకోలేదు 😀

ఒంగోలు_గిత్త
నేనైతే ఫ్యూయల్ డాక్ మూసేసి స్లిప్పుల అద్దె మీదే బతుకుతాను. ఇంధనం మీద మిగిలేది ఎంత? తలనొప్పి ఎంత?

బంకు_శ్రీను
గిత్త గారూ, ఆలోచించాం. ఇంధనం కోసం వచ్చినవాడే ఐస్, కూల్‌డ్రింక్స్, గాలం ఎరలు కొంటాడు. స్టోర్ నడిచేదే డాక్ వల్ల. పైగా డాక్ మూసేసినా ఇప్పటికే మట్టిలో ఏముందో అది అలాగే ఉంటుంది కదా.

క్లెయిమ్స్_కామేశ్వరి
శ్రీను గారు చివర్లో అన్న మాటే అన్నిటికంటే ముఖ్యం. పొల్యూషన్ క్లెయిములు చూసిన అనుభవంతో చెప్తున్నాను, గొడవలు ఎక్కువగా తేదీల దగ్గరే వస్తాయి.

ఈ పాలసీలు చాలావరకు క్లెయిమ్స్ మేడ్. అంటే లీకు బయటపడి మీరు కంపెనీకి చెప్పే నాటికి పాలసీ అమల్లో ఉండాలి. దాంతో పాటు రెట్రోయాక్టివ్ డేట్ అని ఒకటి ఉంటుంది. లీకు ఆ తేదీకి ముందే మొదలైందని తేలితే రాదు. మీరు కొత్తగా కొంటున్నారు కాబట్టి ఆ తేదీ మామూలుగా పాలసీ మొదలైన రోజే పెడతారు. ఇప్పుడు ఊహించండి, కొన్న ఏడాదికి ట్యాంకు పక్కన మట్టిలో పెట్రోల్ వాసన వచ్చింది. అది పాత ఓనరు కాలం నాటిదా, మీ కాలం నాటిదా? నిరూపించే భారం మీ నెత్తిన పడుతుంది.

టెక్సస్‌లో మాకు తెలిసిన ఒకాయన బంకుకి ఇలాగే అయింది. ప్రీమియం తగ్గుతుందని ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారాడు. కొత్త పాలసీలో రెట్రోయాక్టివ్ డేట్ కొత్తగా మొదలైంది, ఆ సంగతి ఏజెంటు చెప్పలేదు. పాత పాలసీ ముగిశాక రిపోర్ట్ చేసుకోవడానికి ఇచ్చే గడువూ దాటిపోయింది. తర్వాత లీకు బయటపడింది. పాత కంపెనీ "మాకు టైముకి చెప్పలేదు" అంది, కొత్త కంపెనీ "మా తేదీకి ముందుది" అంది. ఏళ్లుగా రెండు చోట్లా కడుతూ వచ్చిన మనిషికి ఒక్క పైసా రాలేదు. ఆయన ముఖం నాకింకా గుర్తుంది.

కంపెనీ మారితే పాత రెట్రోయాక్టివ్ డేట్‌నే కొనసాగించమని రాతపూర్వకంగా అడగండి. అడిగితే చాలామంది ఒప్పుకుంటారు.

అట్లాంటా_ఆవకాయ
నేను పైన చెప్పింది ఇదే కదా, కట్టేటప్పుడు నవ్వులు, అడిగేటప్పుడు తేదీలు.

క్లెయిమ్స్_కామేశ్వరి
కంపెనీలని వెనకేసుకురావడం లేదు అండీ. సరిగ్గా షెడ్యూల్ చేసి, టైముకి చెప్పిన క్లెయిములకి డబ్బు రావడం కూడా నేనే చూశాను. ఒక లేక్ మెరీనాలో తుఫాను తర్వాత పెద్ద హౌస్‌బోట్ స్లిప్‌లోనే మునిగింది. రాత్రంతా డీజిల్ పైకి తేలుతూనే ఉంది. బోట్ ఓనరు పాలసీ ఎప్పుడో లాప్స్ అయింది. మెరీనా వాళ్లు తెల్లవారేలోపే బూమ్ (నూనె పాకకుండా నీటి మీద తేలే అడ్డుకట్ట) చుట్టి, ఫోన్లు చేసి, కాంట్రాక్టర్‌ని దింపారు. వాళ్ల సైట్ పాలసీ క్లీనప్ ఖర్చు ఇచ్చింది, తర్వాత బోట్ ఓనరు మీద వసూలుకి వెళ్లింది. ఆ పాలసీ లేకపోతే ఆ మెరీనా అప్పుడే అమ్ముకోవాల్సి వచ్చేది.

లాయర్_లక్ష్మణ్
దానికి ఇంకో తాళం కూడా ఉంది. స్లిప్ అద్దె అగ్రిమెంట్‌లోనే రాసుకోండి: ప్రతి పడవకీ లయబిలిటీ, పొల్యూషన్, మునిగితే తీసేసే ఖర్చు కవర్ అయ్యే పాలసీ ఉండాలి, ఏటా సర్టిఫికెట్ ఇవ్వాలి, లేదంటే స్లిప్ రెన్యూ చేయం అని. మునిగిన పడవని పైకి తీయడం చిన్న ఖర్చు కాదు, అది పొల్యూషన్ పాలసీలో రాకపోవచ్చు.

విశాఖ_మరపడవ
నేను విశాఖలో ఉంటాను, మాది బోట్ల కుటుంబం. ఇదంతా చదువుతుంటే 2023 నవంబర్ గుర్తొస్తోంది. 19వ తేదీ అర్ధరాత్రి ఫిషింగ్ హార్బర్‌లో మంటలు లేచి దాదాపు 40 బోట్లు కాలిపోయాయి. ఒక్కో బోటులో వేటకి సరిపడా డీజిల్, వంటకి గ్యాస్ సిలిండర్లు. బోట్లు ఒకదానికొకటి ఆనుకుని కట్టేసి ఉంటాయి, ఒకటి అంటుకుంటే ఆపడం ఎవరి తరం? చాలా బోట్లకి ఇన్సూరెన్స్ లేదు. ప్రభుత్వం బోటు విలువలో 80 శాతం ఇస్తామని ముందుకొచ్చింది కాబట్టి కొంత ఊపిరి పీల్చుకున్నారు. నీళ్లలో కలిసిన డీజిల్, కాలిన ఫైబర్ గురించి మాత్రం ఎవరూ మాట్లాడలేదు. మన దగ్గర ఇలాంటి పాలసీ ఏదీ లేదా?

లాయర్_లక్ష్మణ్
1991 పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ చట్టం ఉంది. భోపాల్ తర్వాత వచ్చింది. ప్రమాదకర పదార్థాలు పెట్టుకున్నవాళ్లు తప్పనిసరిగా పాలసీ తీసుకోవాలి, ప్రమాదం జరిగితే తప్పు ఎవరిదని తేల్చకుండానే బయటివాళ్లకి తక్షణ సాయం అందాలి. ఆలోచన మంచిదే. కానీ అది మనుషులకి, ఆస్తికి జరిగిన నష్టానికి ఇచ్చే తొలి సాయం. హార్బర్ నీళ్లు శుభ్రం చేసే ఖర్చుకి సరిపోయే రకం కాదు. ఆ ఖర్చులు మన దగ్గర ఎక్కువగా ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రైబ్యునల్) దాకా వెళ్తాయి. 2020 మేలో విశాఖ స్టైరీన్ లీకు తర్వాత ఆ కంపెనీని 50 కోట్లు డిపాజిట్ చేయమంది ఎన్‌జీటీయే.

ఎన్నూర్_పక్కన
చెన్నై తెలుగువాళ్లం. 2017 జనవరిలో ఎన్నూర్ దగ్గర రెండు ఓడలు గుద్దుకున్నప్పుడు జనం బకెట్లతో నూనె తోడటం కళ్లారా చూశాం. బూమ్‌లు, పంపులు ఎక్కడ? మళ్లీ 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫానుకి, అదే బాపట్ల దగ్గర తీరం దాటిందే, ఆ వరదల్లో రిఫైనరీ వైపు నుంచి నూనె క్రీక్‌లోకి వచ్చింది. వలలన్నీ నల్లబడ్డాయి, పడవలకి నూనె మందంగా అంటుకుపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే మన పద్ధతి అయిపోయింది. ముందే ఎవరు కట్టాలో, ఎవరు శుభ్రం చేయాలో రాసి ఉంటే మత్స్యకారులు నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరగాల్సిన పని ఉండదు.

విశాఖ_మరపడవ
నిజం. నష్టపోయేది ఎప్పుడూ మేమే. అక్కడ చిన్న డాక్‌కి కూడా ఇంత లెక్క ఉందని చదువుతుంటే మనకీ కావాలనిపిస్తోంది.

వేదిక_నిర్వహణ
ఏజెంట్ల పేర్లు, ఫోన్ నంబర్లతో పెట్టిన రెండు పోస్టులు తీసేశాం. సలహాలు ఇవ్వండి, ప్రకటనలు వద్దు. చర్చ కొనసాగించండి.

ట్యాంకుల_రావు
కామేశ్వరి గారు చెప్పిన తేదీల సమస్యకి మందు ఒకటే. క్లోజింగ్‌కి ముందే ఇప్పుడు మట్టిలో, నీటిలో ఏముందో రికార్డు చేసుకోవడం. బ్యాంక్ ఎలాగూ ఫేజ్ వన్ పర్యావరణ పరిశీలన అడుగుతుంది, కానీ అది కాగితాలు చూసి, స్థలం చుట్టూ నడిచి రాసే రిపోర్ట్. మట్టి తవ్వరు. మీకు ఫేజ్ టూ కావాలి. ట్యాంకుల చుట్టూ, పైపు దిగే చోట, పాత రిపేర్ షెడ్డు పక్కన బోర్లు వేసి శాంపిల్స్ ల్యాబ్‌కి పంపుతారు. పాత మెరీనా అయితే ఒకప్పుడు భూమి లోపల కూడా ట్యాంకులుండేవేమో కనుక్కోండి. తీసేశారా, మట్టితో నింపి వదిలేశారా, కాగితం ఉందా?

ఇంకో మాట. ఫేజ్ వన్ చేయించాం కాబట్టి మనకి రక్షణ వచ్చేసిందని చాలామంది అనుకుంటారు. ఆ రక్షణ సూపర్‌ఫండ్ చట్టం (విషపదార్థాలతో పాడైన స్థలాల శుభ్రత కోసం అమెరికా తెచ్చిన చట్టం) నుంచి. పెట్రోల్, డీజిల్ ఆ చట్టం పరిధిలోకే రావు. వాటికి వేరే చట్టాలున్నాయి, లక్ష్మణ్ గారు పైన చెప్పారు.

డాక్ దగ్గరికి స్వయంగా వెళ్లి చూడాల్సింది ఒకటుంది. గట్టు మీది పైపూ తేలే డాక్ మీది పైపూ కలిసే చోట మెత్తటి గొట్టం ఉంటుంది. లేక్ మట్టం పెరిగినా తగ్గినా డాక్‌తో పాటు అది కదలాలి. చలికాలంలో నీటిమట్టం దించినప్పుడు ఆ గొట్టం బిగుసుకుని లాగుతుంటుంది, జాయింట్ దగ్గర సన్నగా చెమ్మ మొదలవుతుంది. చేత్తో తడిమి చూడండి, వాసన చూడండి. రెండోది యాంటీ సైఫన్ వాల్వ్. ట్యాంకు ఎత్తులో ఉంది, డాక్ పల్లంలో ఉంది. కింద పైపు తెగితే పంపు ఆపేసినా ఇంధనం దానంతట అదే దిగుతూ ఉంటుంది, ట్యాంకు ఖాళీ అయ్యేదాకా. ఆ వాల్వ్ ఉందా, పనిచేస్తోందా, చివరిసారి ఎప్పుడు టెస్ట్ చేశారు? అండర్‌రైటర్ (రిస్కు చూసి ప్రీమియం తేల్చే కంపెనీ మనిషి) అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి, జవాబు బాగుంటే ప్రీమియం కూడా తగ్గుతుంది.

పాలసీ_పద్మ
రావు గారి మాటకి తోడు: ఫేజ్ టూలో ఏదైనా దొరికితే పాలసీలో దాన్ని "తెలిసిన సమస్య" అని పక్కన పెడతారు. అందుకని చేయించకుండా ఉందామని అనుకునేవాళ్లున్నారు. అది పెద్ద పొరపాటు. దొరికితే ధరలో తగ్గించుకోవచ్చు, అమ్మే ఆయన చేత శుభ్రం చేయించవచ్చు, ఎస్క్రోలో (మధ్యవర్తి ఖాతాలో) డబ్బు ఆపొచ్చు. తెలియకుండా కొంటే అవేవీ ఉండవు. అలాగే దరఖాస్తులో తెలిసి దాచిపెట్టిన విషయం బయటపడితే పాలసీ మొత్తం రద్దవుతుంది.

ఒంగోలు_గిత్త
జరిమానాలు కూడా పాలసీ ఇస్తుందా?

క్లెయిమ్స్_కామేశ్వరి
చాలావరకు ఇవ్వదు. కొన్నిటిలో చట్టం ఒప్పుకున్నంత మేరకు అని రాసి ఉంటుంది. లాయర్ ఖర్చు లిమిట్ (పాలసీ ఇచ్చే గరిష్ఠ మొత్తం) లోపలా, బయటా అన్నది తప్పకుండా అడగండి. లోపలైతే ఒక మిలియన్ పాలసీలో కోర్టు ఖర్చులు పోగా క్లీనప్‌కి మిగిలేది చూసుకోవాలి.

బంకు_శ్రీను
అందరికీ చాలా రుణపడ్డాను. ఈ లోపు జరిగినవి చెప్తాను. కాగితాలు చివరి నుంచి చదివాను, పద్మ గారు చెప్పినట్టే టోటల్ పొల్యూషన్ ఎక్స్‌క్లూజన్ ఉంది. ఎస్‌పీసీసీ ప్లాన్ అడిగితే అమ్మే ఆయన ఒక పాత కాపీ ఇచ్చాడు, అందులో డీజిల్ ట్యాంకే లేదు. ఫేజ్ టూకి మొదట ఒప్పుకోలేదు. మా లాయర్ క్లోజింగ్ వాయిదా వేద్దామన్నాక దిగొచ్చాడు. బోర్లు వచ్చే వారం వేస్తారు. గాలం గొట్టం ప్రశ్న ఏజెంటుకి పంపాను. ట్యాంక్ పాలసీలో రాదని నిజాయితీగానే రాశాడు, సైట్ పాలసీ కోట్ తెప్పిస్తున్నాడు. కమిషన్ కోసం అంటున్నాడేమో అన్న నా అనుమానం పోయింది.

ఒక డౌట్ మిగిలింది. కోట్ వచ్చింది సర్‌ప్లస్ లైన్స్ కంపెనీ (రాష్ట్రంలో మామూలు లైసెన్సు లేకుండా ప్రత్యేక రిస్కులకి పాలసీలిచ్చే కంపెనీ) నుంచి. అది పర్వాలేదా?

పాలసీ_పద్మ
ఈ రకం పాలసీలు సర్‌ప్లస్ లైన్స్‌లో ఎక్కువగానే ఉంటాయి, భయపడకండి. కానీ ఆ కంపెనీ దివాలా తీస్తే స్టేట్ గ్యారంటీ ఫండ్ ఆదుకోదు. అందుకే కంపెనీ ఆర్థిక రేటింగ్ చూసుకుని తీసుకోండి. ఆ పాలసీ మీద పన్ను కూడా విడిగా పడుతుంది, కోట్‌లో కలిపారో లేదో అడగండి.

డాక్_బుజ్జి
డాక్ మీద కుర్రాళ్లని పెట్టేటప్పుడు మొదటి రోజే ప్యాడ్ల పెట్టె, బూమ్ ఎక్కడున్నాయో చూపించండి. తాళం వేసిన షెడ్డులో పెట్టకండి. నేను పనిచేసిన చోట తాళం మేనేజర్ జేబులో ఉండేది, ఆయన ఆదివారం రాడు. స్పిల్స్ అయ్యేది ఆదివారమే.

లాయర్_లక్ష్మణ్
శ్రీను గారూ, లీజు బదిలీకి కోర్ ఆఫ్ ఇంజనీర్స్ అనుమతి కావాలి, దానికి టైం పడుతుంది. లీజులో ఇన్సూరెన్స్ క్లాజ్ చదివి ఎంత లిమిట్ అడిగారో, ప్రభుత్వాన్ని అడిషనల్ ఇన్సూర్డ్‌గా (మీ పాలసీ రక్షణ పొందే ఇంకో పార్టీగా) చేర్చమన్నారో చూసి ఇప్పుడే ఏజెంటుకి పంపండి. పాలసీ కాగితం మీద పేరు లీజు మీది పేరుతో అక్షరం తేడా లేకుండా ఉండాలి. మీరు కొనేది ఎల్ఎల్‌సీ (మీరు పెట్టుకున్న కంపెనీ) పేరు మీదైతే పాలసీ కూడా దాని పేరు మీదే, మీ సొంత పేరు మీద కాదు.